వరసలో లేని కోడలు

ఆ ఇంట్లో ఏ ఆడదాని ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు. నమాజు వేళకి వరసలో ఎవరు నిలబడ్డారో, గోడవారన ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళకి నమాజు లేదు. కాబట్టి గోడవారన కూర్చోవడమంటే నోరు విప్పకుండా నలుగురికీ చెప్పుకోవడమే. పెద్దకోడలు కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. ఆమె తన వాటా పిల్లల్ని కనేసి ఆ దుకాణం కట్టేసింది. చిన్నకోడలు కూర్చుంటే మాత్రం అత్త చేతిలో తస్బీ పూసలు ఒక్క క్షణం ఆగుతాయి.

ఆ రోజు మధ్యాహ్నం జుహర్ నమాజు వేళకి చిన్నకోడలు గోడవారన కూర్చుంది.

పూసలు ఆగాయి.

"మళ్ళీనా?" అంది అత్త.

"అవునత్తమ్మా."

అది అబద్ధం. చిన్నకోడలికి నెల తప్పింది.

పంటి నొప్పని చెప్పి ఆమె వెళ్ళింది పళ్ళ డాక్టరు దగ్గరికి కాదు. ఆమె వెళ్ళిన ఆడవాళ్ళ ఆస్పత్రిలో తెల్లకోటు డాక్టరమ్మ, "మూడో నెల దాటేదాకా జాగ్రత్త, బరువులెత్తొద్దు" అంది. ఆ మూడో నెల దాటేదాకా ఈ ముక్క ఎవరి చెవినా పడకూడదని చిన్నకోడలు మెట్లు దిగుతూనే నిశ్చయించుకుంది. పోయినసారి కబురు కడుపులో కుదురుకోకముందే అత్త ఫోనెక్కి ఊళ్ళు తిరిగొచ్చింది. కడుపు పోయాక ఆ ఊళ్ళన్నీ పరామర్శకి వచ్చాయి, ఒక్కొక్కరూ ఒక్కో కారణం పట్టుకుని. ఒకావిడ గబగబా నడిచావంది, ఒకావిడ ఎక్కువ నవ్వావంది. వచ్చినవాళ్ళకి టీ పెట్టింది చిన్నకోడలే.

మొగుడికైనా చెప్పుకుందామంటే, అతనికి రహస్యం చెప్పడం జల్లెడలో నీళ్ళు దాచడం. బస్సు నడిపేటప్పుడు మనిషి మహా జాగ్రత్త. ఇంటికొచ్చాక మధ్యాహ్నం ఏం తిన్నాడో సహా తల్లికి ఒప్పజెప్పకపోతే నిద్రపట్టదు.

అందుకని ఈ దారి. ప్రతి నెలా కూర్చున్నట్టే ఈ నెలా కూర్చుంటే సరి. ఎవరికీ అనుమానం రాదు. వచ్చిన చిక్కల్లా నమాజుతోనే. ఒంట్లో ఏ అడ్డూ లేని మనిషి నమాజు వదిలెయ్యకూడదు. అందులోనూ ఇప్పుడు, అడగవలసినదంతా కడుపులో పెట్టుకుని ఉన్నప్పుడు, ఆ అడిగే అయిదు వేళలూ ఎలా వదులుకుంటుంది? తెల్లవారుజామున ఫజర్‌కీ, పడుకోబోయే ముందు ఇషాకీ గది తలుపుంది. పగటి నమాజులకే తలుపు లేదు.

తలుపు లేనిచోట డాబా ఉంది.

వాళ్ళది తివాచీలు ఉతికి బాగుచేసే ఇల్లు. హోటళ్ళవీ, పెళ్ళి హాళ్ళవీ, కలవారి ఇళ్ళవీ తివాచీలు మురికి మొహాలతో వచ్చి, వాకిట్లో స్నానం చేసి వెళుతుంటాయి. కోడళ్ళిద్దరూ ఉతుకుతారు. చిరుగులు కుట్టడానికి పక్కింటి సూదిపిన్ని వస్తుంది. ఆ పేరు చేతిలో సూదిని బట్టి వచ్చిందో, నోట్లోదాన్ని బట్టి వచ్చిందో ఎవరూ పైకి అడగలేదు. ఎండాకాలంలో తివాచీలు వాకిట్లోనే ఆరేవి. ఇప్పుడు సూర్యుడు నడినెత్తికి రావడం మానేసి, అద్దె బాకీపడ్డవాడిలా ఆకాశం అంచునే నడిచి తప్పించుకుపోతున్నాడు. ఎండ వాకిట్లో కాసేపైనా నిలవడం లేదు, దిగీ దిగకముందే గోడెక్కిపోతోంది. దాంతో తివాచీలన్నీ మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళవలసి వస్తోంది. పొద్దు కుంచించుకుపోయిన కొద్దీ నమాజులు కూడా ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వచ్చేస్తున్నాయి. జుహర్ ముగించి రెండు తివాచీలు గీకేసరికి అసర్. అసర్ చాప మడిచి పైనున్నవి తిరగేసేసరికి పొద్దుగుంకే మగ్రిబ్.

"ఈ దిక్కుమాలిన చలికాలంలో పనికి వేళ లేదు, నడుం వాల్చడానికి వేళ లేదు" అంది పెద్దకోడలు.

"నడుం వాల్చకపోతే పోయె, నాలుక వాల్చు కాసేపు" అంది అత్త. "చిన్నదానా, నువ్వు పైకెళ్ళి ఆరినవి తిరగెయ్. తడివి పెద్దదీ నేనూ పట్టుకొస్తాం."

ఆ మాటకి పెద్దకోడలు మూతి తిప్పింది. ఈమధ్య అత్త బరువులన్నీ తనకే తగిలిస్తోందని ఆమె గొణుగుడు. చిన్నకోడలు మాత్రం దొరికిందే చాలనుకుంది. మొహాన నురుగు పడ్డట్టు కుళాయి కింద మొహమూ, మోచేతులదాకా చేతులూ కడుక్కుంది. తలమీది ముసుగు సర్దుకుంటున్నట్టు తడిచెయ్యి తలమీదుగా పోనిచ్చింది. తలమీది ముసుగు సర్దుకుంటున్నట్టు తడిచెయ్యి తలమీదుగా పోనిచ్చింది. నమాజుకి ముందు చేసుకోవలసిన వుజూ అయింది. ఎదురుగా కూర్చుని దారం ఎక్కిస్తున్న సూదిపిన్ని తలెత్తి కూడా చూడలేదు.

పైన దండేల మీద తివాచీలు బారుగా వేలాడుతున్నాయి. రెంటి మధ్యా మనిషి పట్టేంత సందు. అక్కడ నేలమీద హోటలువాళ్ళ పెద్ద ఎర్ర తివాచీ పరిచి ఉంది. దండెం మీద వేస్తే దండెమే తెగుతుంది దాని బరువుకి. చిన్నకోడలు చెవి కిందికి వేసి నిలబడింది. కుళాయి కట్టేశారు. చెప్పులు విడిచిన చప్పుడు. అత్త గొంతు సవరించుకుంది. ఆ సవరింపు తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పక్కకి తిరగరు. అందరూ అల్లా వైపు తిరిగి ఉండగా తన వైపు చూసేదెవరు? ఈ లెక్క కుదిరినందుకు చిన్నకోడలికి కొంచెం సిగ్గూ, కొంచెం గర్వమూ కలిగాయి. ఆమె కూడా చేతులెత్తింది. వాళ్ళకన్నా ముందే ముగించి, వాళ్ళు చివర సలాం చెప్తూ తల తిప్పేసరికి తివాచీ తిరగేస్తున్న చప్పుడు చేసింది.

తర్వాత రెండు రోజులూ అలాగే గడిచాయి.

*

నాలుగోనాడు అసర్ వేళకి సరిగ్గా హోటలు మేనేజరు దిగాడు. డాబా ఎక్కి చూసొచ్చాడు, తమ ఎర్ర తివాచీ మీద టీ మరక ఇంకా కనిపిస్తోందని అతని వాదన.

"అది మరక కాదు బాబూ, తివాచీ పువ్వు" అంది అత్త.

"మా తివాచీలో గోధుమరంగు పువ్వు లేదమ్మా."

"మీవాళ్ళు టీ పోసి పూయించారు. ఇంకోసారి ఉతికితే వాడిపోతుందిలే."

అలా పువ్వు గురించి పొద్దు చాలాసేపు వాలింది. అత్తకి గోడమీది క్యాలెండరు మీదా నమ్మకం లేదు, ఫోనులో మోగే అజాన్ మీదా లేదు. వాకిట్లో నాటిన ఇనుప గుంజ నీడే ఆమెకి గడియారం. ఆ నీడ అప్పటికే గచ్చు దాటి, కుళాయి దాటి, గోడెక్కుతోంది. ఎండ పచ్చబడితే అసర్ చేసి ప్రయోజనం ఏమిటని ఆమె మేనేజరుని మాట మధ్యలోనే గుమ్మం దాటించింది.

పైన చిన్నకోడలు వుజూతో నిలబడి చాలాసేపయింది. కింద గొంతు సవరించిన శబ్దం వినగానే చేతులెత్తింది.

ఆమె లెక్కలో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది సూర్యుడు. రోజూ ఆ వేళకి ఆమె నీడ డాబా మీదే పడి పిట్టగోడ కింద ముగిసేది. ఇవాళ ఆలస్యమైంది. పొద్దు కిందికి దిగింది. తివాచీల సందులోంచి అడ్డంగా వచ్చిన ఎండ ఆమె నీడని పిట్టగోడ పైనుంచి ఎత్తి, వాకిలికి అవతలున్న సున్నం గోడమీద నిలబెట్టింది. రెండో తప్పు, ఆడవాళ్ళ ఇంట్లో ఉంటూ మరిచిపోకూడనిది. గోడవారన కూర్చునే రోజులు తనకొక్కదానికే ఉండవు.

పెద్దకోడలికి ఆ మధ్యాహ్నమే వచ్చింది. వరసలో అత్తా, సూదిపిన్నీ మాత్రమే నిలబడ్డారు. పెద్దకోడలు వాకిట్లో కాళ్ళు బారచాపి, జుట్టు విప్పుకుని దువ్వుకుంటోంది. చెయ్యడానికి పనీ లేదు, నమాజూ లేదు. అలాంటి మనిషి గోడవైపు చూడక ఏం చూస్తుంది? సున్నం గోడమీద ఒక నీడ నిలబడింది. వంగింది. మాయమైంది. మళ్ళీ లేచింది.

పెద్దకోడలు దువ్వెన జుట్టులోనే వదిలేసి చూసింది. లోపల నమాజు ముగిసేదాకా ఆగింది. అంతవరకు ఆమె మర్యాద తెలిసిన మనిషే.

"అత్తమ్మా, మన డాబామీద దయ్యముంది."

"నిన్ను చూసి పారిపోలేదా అది?"

"మంచి దయ్యమే. అసర్ కూడా వదల్లేదు. మనింట్లో నమాజు లేని మనుషులిద్దరం. ఒకదాన్ని ఇక్కడ పేలు దువ్వుకుంటున్నా. రెండోది పైన సజ్దా చేస్తోంది."

అప్పటికి మెట్లు దిగివస్తున్న చిన్నకోడలు మలుపులోనే ఆగిపోయింది. ముగ్గురూ ఆమెవైపే చూస్తున్నారు.

"ఇలా రా" అంది అత్త.

వచ్చింది.

"నీకు రోజులు కదూ?"

"అవునత్తమ్మా."

"నమాజు చేశావా?"

గోడమీద నీడని కాదనడం కుదరదు. ఇక చెప్పగలిగినవి రెండే. రోజులు కావని చెప్తే కడుపు బయటపడుతుంది. రోజులేనని చెప్తే, చెయ్యకూడని స్థితిలో తెలిసి తెలిసి నమాజుకి నిలబడ్డదవుతుంది. సూదిపిన్ని ఆ మాట విన్నదంటే మగ్రిబ్‌లోగా వీధి చివరిదాకా వెళుతుంది. చిన్నకోడలు తన తడి కాలివేళ్ళకేసి చూసుకుంది.

"చేశాను" అంది.

"రోజుల్లో ఉండే?"

"ఊఁ."

సూదిపిన్ని రెండు చెంపలూ వాయించుకుంది. "యా అల్లా! వద్దన్నప్పుడు నిలబడ్డమేమిటే? అదేమన్నా అత్తగారి పెత్తనమా, కళ్ళు గప్పడానికి?"

"ఎందుకు చేశావు?" అంది అత్త.

"అలవాటు కొద్దీ."

"అలవాటు కొద్దీ టీలో రెండోసారి చక్కెర వేస్తారు చెల్లీ" అంది పెద్దకోడలు. "మూడంతస్తుల మెట్లెక్కి, తివాచీల చాటున దాక్కుని అలవాటు కొద్దీ నమాజు చెయ్యరు." మెట్లు ఒక్క అంతస్తువే. పెద్దకోడలు చెప్పేటప్పుడు ఇల్లు ఎప్పుడూ కాస్త పెరుగుతుంది.

"ఇలాంటి బుద్ధులుంటే ఆ కడుపెలా పండుతుంది తల్లీ?" అంది సూదిపిన్ని, ఎంతో జాలిగా. "నేను అప్పుడే అనుకున్నా, పోయినసారి ఊరికే పోలేదని."

చిన్నకోడలు పెదవి లోపలికి మడుచుకుని పళ్ళతో పట్టుకుంది. కారణాల జాబితాలో ఇంకొకటి చేరింది. తివాచీ మీద మరకని పువ్వనగలిగిన ఇంట్లో, మంచి పనిని మరకనడం ఎంతసేపు?

అత్త మాత్రం అరవలేదు. తస్బీ చుట్టి రవిక చేతిలోకి దోపుకుంది. దగ్గరకొచ్చి కోడలి మొహంలోకి, ఆ తర్వాత కొంచెం కిందికి చూసింది.

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

"లేదత్తమ్మా."

"ఆలోచించుకో."

"ఏం లేదు."

"అయితే సరే. దేనిమీద నిలబడ్డావు?"

"హోటలువాళ్ళ ఎర్రదానిమీద."

"రేపు దాన్ని మళ్ళీ ఉతకాలి. నువ్వొక్కదానివే ఉతుకు. నువ్వొక్కదానివే పైకి మోసుకెళ్ళు."

"నిలబడ్డంత మాత్రాన తివాచీకేం కాదు వదినా" అంది సూదిపిన్ని. తప్పు తప్పే గానీ, మతం చెప్పే మసలా మసలాయే. "రోజుల్లో ఉన్న మనిషి తాకితే వస్తువు అపవిత్రం కాదు."

"తివాచీ శుద్ధికి కాదు. దీని బుద్ధికి."

పెద్దకోడలు నవ్వబోయి ఆగింది. ఆ ఎర్ర తివాచీ తడిస్తే ఎంతుంటుందో ఆమె నడుముకి తెలుసు. "ఒక్కతేనా అత్తమ్మా? తడిదా? పోనీ నేనో చెయ్యి..."

"చెయ్యి ఖాళీగా ఉంటే జుట్టు ముడేసుకో. దువ్వెన వేలాడుతోంది."

*

మర్నాడు జుహర్ అయ్యాక పెద్దకోడల్ని అత్త పిల్లల బడికి పంపింది. పంతులమ్మ రమ్మందనీ, ఎందుకో వెళితేనే తెలుస్తుందనీ చెప్పింది. సూదిపిన్ని వెనకగదిలో కిటికీ దగ్గర కూర్చుని చిరుగు కుడుతోంది. వాకిట్లో అత్త, కోడలు, తివాచీ మిగిలారు.

చిన్నకోడలు చీర కుచ్చిళ్ళు ఎగదోపి తివాచీ మీద నీళ్ళు వదిలింది. మొదట తివాచీ నీళ్ళని నమ్మదు. పైపైనే నిలబెడుతుంది. తర్వాత ఒక్కసారిగా తాగడం మొదలుపెడుతుంది. తాగినకొద్దీ ఎరుపు నల్లబడుతుంది. సబ్బునీళ్ళు చల్లి, మోకాళ్ళమీద కూర్చుని, ఊలు వాలు ఎటుందో అరచేత్తో చూసుకుని ఆ వాలునే బ్రష్షు నడిపింది. టీ మరక దగ్గర బ్రష్షు పక్కన పెట్టి వేళ్ళతో రుద్దింది. నురుగు గోధుమరంగులో వచ్చింది. పువ్వు నిజంగానే వాడిపోతోంది. కడిగి, చెక్కతో ఒక చివరినుంచి గీకుతూ వచ్చింది. చెక్క ముందు నీళ్ళు చిన్న కెరటంలా దొర్లి తూములో పడుతున్నాయి. గీకగలిగినంతా గీకింది. ఒకటికి రెండుసార్లు, మూడోసారి కూడా. కారే ప్రతి చుక్కా మొయ్యక్కర్లేని చుక్క.

"అరిగిపోతుంది చాలు" అంది అత్త. ఆమె మెట్ల మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. చేతిలో పూసలు తిరుగుతున్నాయి. "పొద్దు ఆగదు. అసర్‌లోగా ఎండ తగలాలి దానికి."

చిన్నకోడలు తివాచీని చుట్టింది. నీళ్ళు పిండిన తర్వాత కూడా అది మునిగి చచ్చిన జంతువులా ఉంది. నేలమీద ఈడ్చుకుపోదామంటే అంచు కుచ్చులు తెగుతాయి. ఒక కొసని భుజంమీదికి ఎత్తుకుని, మిగతాది వీపుమీదికి వంచుకుని లేచింది. మోకాళ్ళు లేచాయి గానీ నడుం లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి లేచింది. మెడమీదుగా చల్లటి నీళ్ళు జాకెట్టులోకి కారాయి.

మొదటి మెట్టు. రెండో మెట్టు.

"చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అంది అత్త వెనకనుంచి.

క్షమాపణ అడుగుతోందనుకుంది చిన్నకోడలు. "తప్పయిపోయిందత్తమ్మా. ఇంకెప్పుడూ చెయ్యను."

"అది కాదు."

"ఇంకేం లేదు."

"అయితే ఎక్కు."

ఎక్కింది. ప్రతి మెట్టుకీ గోడకి భుజం ఆనించి ఊపిరి తీసుకుంది. నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, ఈ బరువు దిగిపోతుంది. ఆ మాట ఇంకో అర్ధగంటకి ఫోనులో ఉంటుంది. ఆ తర్వాత ఊళ్ళన్నీ వస్తాయి. మళ్ళీ ఏదైనా అయితే, టీ కప్పులు, కారణాలు. చెప్పకపోతేనో?  నడుం వెనక సన్నగా ఒక లాగుడు మొదలైంది. పోయినసారీ ఇలాగే మొదలైంది. లేక బరువెత్తితే ఎవరికైనా ఇంతేనా? అడగడానికి కూడా మనిషి లేదు. మలుపు దగ్గర తివాచీ కొస గోడకి తట్టుకుని ఆమెని వెనక్కి లాగింది. ఒక చెయ్యి మెట్ల కమ్మీ వదిలేసి పొత్తికడుపుకి అడ్డం పెట్టుకుంది.

కింద పీట పక్కకి పడిన చప్పుడైంది.

"దించు!" అత్త మెట్లెక్కి వస్తోంది. ఆ వయసులో రెండేసి మెట్లు. "దించవే మొండిదానా! చెప్పకపోతే మానె, దించెయ్! నీ పంతానికి లోపలున్నదేం పాపం చేసింది?"

తివాచీ అత్త చేతుల్లోకి జారింది. ఇద్దరి మధ్యా మెట్లమీద కూలబడి నీళ్ళు వదలడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళు మెట్టు మెట్టుకీ ఆగి కిందికి దిగుతున్నాయి. చిన్నకోడలు గోడకి జారబడి కూర్చుంది. విన్న మాట బుర్రలోకి దిగడానికి ఆ నీళ్ళకన్నా ఎక్కువ సేపే పట్టింది.

"మీకు తెలుసా?"

"నేను గాడిదలు కాశాననుకున్నావా? నలుగుర్ని కన్నాను. సబ్బు వాసనకి మూతి తిప్పుకోవడం, పొద్దున్నే గోడ పట్టుకు నిలబడడం, నాకు కనపడవా? బరువులన్నీ పెద్దదానిమీద వేసింది ఎందుకనుకున్నావు? అది నన్ను నోరారా తిట్టుకుంటోంది."

"మరి గోడవారన కూర్చుంటే..."

"కూర్చుంటావు, చెత్తబుట్టలో ఏమీ ఉండదు. ఎంతకాలం ఆడతావో చూద్దామనుకున్నా."

"నిన్న పిన్ని నన్ను అన్ని మాటలంటుంటే, మీకు తెలిసే ఊరుకున్నారా?"

అత్త తివాచీ కుచ్చులు విడదీస్తూ కూర్చుంది.

"ఇదంతా తెలిసే ఇది నా నెత్తికెత్తారా?"

"రెండో మెట్టుమీదే చెప్తావనుకున్నా" అంది అత్త. ఆ గొంతులో సంజాయిషీ కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. "ఎవతైనా చెప్తుంది. నీ నోటితో నాకు చెప్పాలి కదా? ఇంటి పెద్దని నేను. వీధిలో కూరలవాడికి తెలిసినట్టు నాకు నేనే తెలుసుకోవాలా?"

అని, కొంగుతో కోడలి మెడ తుడవబోయింది. చిన్నకోడలు మెడ పక్కకి తీసుకుంది. అత్త అది గమనించనట్టే ఉంది. దాచిపెట్టుకున్న సంతోషం ఇప్పుడిప్పుడే ఆమె మొహంలోకి ఎక్కుతోంది.

"పోనీలే, అయిందేదో అయింది. నువ్వెళ్ళి పడుకో. ఇహ నిన్ను పూచికపుల్ల ఎత్తనిస్తే ఒట్టు. పిన్నిని పిలుస్తానుండు, నిన్నటి మాటలన్నీ మింగిస్తా దానిచేత. పెద్దది రానీ. నా కూతురికి ఫోను చేస్తే..."

"ఏమని చేస్తారు?"

"ఏమనేమిటే? నా కోడలు నీళ్ళోసుకుందని."

"చెయ్యండి." చిన్నకోడలు మెట్టుమీంచి లేవలేదు. గొంతూ లేవలేదు. "కోడలు నీళ్ళోసుకుందని చెప్పండి. నాకు ముందే తెలుసని చెప్పండి. తెలిసే తడి తివాచీ నెత్తినపెట్టి మెట్లెక్కించానని చెప్పండి. మీరు అది మర్చిపోతే నేను అందిస్తాను. వచ్చినవాళ్ళందరికీ టీ ఇస్తూ అందిస్తాను."

అత్త కొంగు విదిలించింది. 

"నన్నే బెదిరిస్తున్నావా?"

"లేదు. మీరు అడిగారుగా, చెప్పాల్సింది ఏమైనా ఉందా అని. ఇదే ఉంది."

వెనకగదిలోంచి సూదిపిన్ని కేకేసింది. "ఏమిటి వదినా ఆ చప్పుడు? పడిందా?"

అత్త కోడలివైపు చూసింది. కోడలు సమాధానం చెప్పడానికి ఏమాత్రం సాయం చెయ్యలేదు.

"తివాచీ" అంది అత్త చివరికి. "తివాచీ పడింది."

ఆ తివాచీని అత్త ఒక్కతే మిగతా మెట్లెక్కించింది. ఒక్కో మెట్టుమీదా కూర్చుని, లేచి, కుచ్చులు తెగుతాయని చూడకుండా ఈడ్చింది. చిన్నకోడలు మలుపులో కూర్చుని చూసింది. లేచి సాయం చెయ్యబుద్ధి కాలేదు. అంతకన్నా అసలు సంగతి, లేవడానికి ధైర్యం చాల్లేదు. నడుం వెనక లాగుడు ఇంకా ఆగలేదు.

*

మగ్రిబ్‌కి ఎక్కువ వ్యవధి ఉండదు. సూర్యుడు మునిగాక ఆకాశంలో వెలుగు చెదిరిపోయేలోగా అయిపోవాలి. వాకిట్లో గుంజకి నీడే లేకుండా పోయింది. సూదిపిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్త పక్కన చాప పరిచింది. పెద్దకోడలు బడినుంచి తిరిగొచ్చింది. పంతులమ్మ ఎవర్నీ రమ్మనలేదట. ఎందుకు పంపారో అర్థంకాక కందగడ్డ మొహంతో గోడవారన కూర్చుంది. ఆమె పక్కనే చిన్నకోడలు వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

సూదిపిన్ని ఆమెని చూసి నిట్టూర్చింది.

"ఇంకా అవలేదుటే? పోనీ ఈసారైనా నిలుస్తుందేమో అనుకున్నాం. ఈ నెల కూడా లేనట్టే కదా వదినా?"

అత్త అప్పుడే వుజూ చేసి వచ్చింది. గడ్డం చివర ఇంకా నీటిచుక్క ఉంది. ఆ స్థితిలో మనిషి మంచి మాటే ఆడాలంటారు. కోడలివైపు చూసింది. కోడలు ఆమె కళ్ళలోకే చూస్తోంది. ఒక చెయ్యి మాత్రం నడుం వెనక పెట్టుకుంది. ఆ చెయ్యిని అత్త చూసింది.

"నిన్నే వదినా."

"లేదు" అంది అత్త. "ఈ నెల కూడా లేదు."

అనేశాక ఆ మాట తనకే చేదుగా తగిలినట్టు పెదవులు తుడుచుకుంది. అల్లాహు అక్బర్ అంటూ చేతులెత్తింది గానీ, ఆ చేతులు భుజాలదాకా వెళ్ళి దారి మర్చిపోయినట్టు కాసేపు అక్కడే ఉండిపోయాయి.

వాళ్ళు అటు తిరగగానే చిన్నకోడలు లేచింది. "టీ పెట్టడానికా? నాక్కొంచెం చక్కెరెక్కువ వెయ్" అంది పెద్దకోడలు. ఆమె టీ వైపు వెళ్ళలేదు. తన గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టింది. దీపం వెయ్యలేదు. కిటికీలోంచి వస్తున్న చివరి వెలుతురు దగ్గరికి వెళ్ళి, చీర పక్కకి తీసి, చూడవలసింది చూసుకుంది.

ఏమీ లేదు. లోపలి గుడ్డ తెల్లగా ఉంది. మరోసారి, వెలుగుకి ఇంకాస్త దగ్గరగా జరిగి చూసుకుంది. తెల్లగానే ఉంది.  

మూలనున్న కూజా వంచుకుని వుజూ చేసింది. పెట్టెమీంచి చాప తీసి, ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా అంగుళమంగుళమే నేలకి దించింది.

అప్పటికి వాళ్ళ నమాజు అయినట్టుంది. తలుపు బయట అడుగుల సవ్వడి వచ్చి ఆగింది. పూసల చప్పుడు లేదు.

"అమ్మాయ్" అంది అత్త, తలుపుకి నోరు ఆనించినంత దగ్గరగా. గుసగుసగా. "ఎలా ఉంది?"

చిన్నకోడలు చాపమీద నిలబడి చేతులు కట్టుకుంది.

"ఏమైనా కనిపించిందా? లేదు కదా?"

ఆమె పెదవులు మాత్రమే కదిలించింది. గాలి కూడా బయటికి వినపడనివ్వలేదు.

"చేస్తున్నావా, నమాజు?" జన్మంతా ఎవరు వరసలో ఉన్నారో, ఎవరు లేరో చూసి ఇంటి ఆడవాళ్ళని చదివిన మనిషి ఇప్పుడు మూసిన తలుపుకి చెవి పెట్టుకుని ఉంది. "చేస్తుంటే చేస్తున్నానని తలుపుమీద ఒక్కసారి కొట్టు తల్లీ. మాటక్కర్లేదు. ఒక్క దెబ్బ."

నమాజులో ఉన్న మనిషి జవాబు చెప్పకూడదు. చిన్నకోడలు వంగింది, నుదురు నేలకి ఆనించింది, లేచింది. నెమ్మదిగా, వంగి లేచే ఏ రకాతులోనూ తొందరపడకుండా చేసింది. బయట అత్త పేరు పెట్టి పిలిచింది. తర్వాత పిలవడం మాని ఏదో గొణుక్కుంటూ ఏడవడం మొదలుపెట్టింది.

చిన్నకోడలు కుడివైపు సలాం తిప్పింది. ఎడమవైపు తిప్పింది. ఇప్పుడు జవాబు చెప్పొచ్చు.

చాప మడిచి, పెట్టెమీద పెట్టి, మంచంమీద పడుకుంది.